విమ్‌లో టెంప్లేట్ మెట్లు మెట్లుగా కుడికి జరిగిపోతుంటే ఏం చేయాలి?

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నను నా మాటల్లో చెబుతాను. నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూసుకో. విమ్ అనే ఎడిటర్‌లో సి ప్రోగ్రాములు రాస్తున్నావు. ఫర్ లూపు, దాని లోపల ఒక ఇఫ్ ఉన్న ఐదు లైన్ల టెంప్లేట్‌ను, అంటే ముందే రాసుకున్న మూసను, చిన్న పదం కొడితే పెద్ద పాఠం వచ్చేలా చేసే ఐఅబ్రెవ్ ఆదేశంతో, విమ్ అమరికలుండే నీ విమ్‌ఆర్‌సీ ఫైలులో పెట్టుకున్నావు. రెండక్షరాలు కొట్టి స్పేసు నొక్కితే టెంప్లేట్ వస్తోంది కానీ, నువ్వు రాసుకున్నట్టు కాక లైను లైనుకూ కుడికి జరుగుతూ వస్తోంది. ఎవరో సెట్ పేస్ట్ పెట్టమన్నారు. పెట్టాక అసలు టెంప్లేట్ రావడమే మానేసింది. కొత్త లైను ముందు ఖాళీలను (ఇండెంట్) తనంతట తానే పెట్టే ఆటోఇండెంట్‌ను పూర్తిగా తీసేయాలా అని అడిగావు.

తీసేయవద్దు. అది నీకు రోజంతా పని చేసిపెడుతోంది.

గుణుపూర్‌లో ఒడియా మాధ్యమంలో చదివానని, తెలుగు రాయడం ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నానని కూడా రాశావు. నేను పర్లాకిమిడిలో పద్దెనిమిదేళ్లుగా సి ల్యాబు చెబుతున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కీబోర్డు మీద ఇంగ్లీషు ఉన్న పిల్లలే నా దగ్గర ఎక్కువ. వాళ్లకు చెప్పినట్టే నీకూ చెబుతాను. ఆదేశాల పేర్లు పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, నువ్వు మాత్రం ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి.

అసలు జరుగుతున్నది ఇది. ఐఅబ్రెవ్ నీ టెంప్లేట్‌ను తెచ్చి ఫైలులో పెట్టదు. నీ బదులు తానే కూర్చుని ఒక్కో అక్షరం టైపు చేస్తుంది. టెంప్లేట్‌లో నువ్వు సీఆర్ అని రాసిన ప్రతి చోటా ఎంటర్ నొక్కుతుంది. ఎంటర్ ఎవరు నొక్కినా ఆటోఇండెంట్‌కు ఒకటే. పై లైను ముందు ఎన్ని ఖాళీలున్నాయో అన్నీ కొత్త లైను ముందు పెడుతుంది. ఆ తరువాత నీ టెంప్లేట్ తన సొంత ఖాళీలు కొడుతుంది. రెండూ కలిసిపోతాయి.

వేలు పెట్టి లెక్కపెట్టు. నువ్వు రాసుకున్నది ఇలా ఉంది:

ఫర్ {
    ఇఫ్ {
        ప్రింట్
    }
}

లైన్ల ముందు ఖాళీలు వరుసగా 0, 4, 8, 4, 0. ఇప్పుడు దీన్ని విమ్ టైపు చేస్తుంది. మొదటి లైను 0. రెండో లైనుకు పై నుంచి వచ్చినవి 0, నువ్వు పెట్టినవి 4, మొత్తం 4. ఇంతవరకు బాగానే ఉంది. మూడో లైనుకు పై నుంచి 4, నీవి 8, మొత్తం 12. నాలుగో లైనుకు పై నుంచి 12, నీవి 4, మొత్తం 16. ఐదో లైనుకు పై నుంచి 16, నీవి 0, మొత్తం 16. ఫలితం ఇదీ:

ఫర్ {
    ఇఫ్ {
            ప్రింట్
                }
                }

నువ్వు పంపిన తెరచిత్రంలో ఉన్నది సరిగ్గా ఇదే. ఆఖరి రెండు బ్రాకెట్లు ఒకే గీత మీద ఉండటం చూశాక, నీ దగ్గర ఆటోఇండెంట్ ఒక్కటే పని చేస్తోందని నాకు రూఢి అయింది. సి భాష తెలిసిన సిండెంట్ గనక ఉండి ఉంటే, లైను మొదట మూసే బ్రాకెట్ పడగానే దాన్ని తన జోడీ కిందికి లాక్కుపోయేది. అది జరగలేదు.

ఎందుకు జరగలేదో కూడా ఊహించగలను. 2016లో వచ్చిన విమ్ 8 నుంచి, సొంత విమ్‌ఆర్‌సీ లేనివాళ్ల కోసం డిఫాల్ట్స్ అనే ఫైలు ఒకటి తనంతట తాను చదవబడుతుంది. ఫైల్‌టైప్ ప్లగిన్ ఇండెంట్ ఆన్ అనే ఆదేశం అందులో ఉంటుంది. ఫైలు ఏ భాషదో చూసి తగిన ఇండెంట్ నియమాలను తెచ్చేది అదే. నువ్వు సొంత విమ్‌ఆర్‌సీ రాసుకున్న రోజు నుంచి ఆ డిఫాల్ట్స్ ఫైలు పక్కకు పోయింది. నీకు తెలియకుండానే ఒక మంచి సదుపాయం చేజారింది. ఆ ఒక్క లైను నీ విమ్‌ఆర్‌సీలో తిరిగి రాసుకో. మిగతా మార్పులన్నీ దాని తరువాతే.

ఇక సెట్ పేస్ట్ సంగతి. ఆ సలహా ఇచ్చినవారిని తప్పుపట్టను, చాలా మంది దానితోనే బయటపడ్డారు. కానీ అది వేరే జబ్బుకు మందు. పాతకాలపు టెర్మినల్‌లో మౌసుతో ఏదైనా అతికిస్తే, అది చేత్తో కొట్టినదో అతికించినదో విమ్‌కు తెలిసేది కాదు. ఆ అయోమయం తీర్చడానికి పేస్ట్ పెట్టారు. అది ఆటోఇండెంట్‌తో ఆగదు. స్మార్ట్ఇండెంట్, సిండెంట్, ట్యాబ్‌ను ఖాళీలుగా మార్చే ఎక్స్‌పాండ్‌ట్యాబ్, లైను వెడల్పు చూసే టెక్స్ట్‌విడ్త్ అన్నీ పడుకుంటాయి. టైపు చేసేటప్పుడు ఉండే ఇన్సర్ట్ మోడ్‌లోని మ్యాపింగులూ (కీలకు మనం పెట్టుకున్న పనులు), ఐఅబ్రెవ్‌తో పెట్టుకున్న అబ్రివియేషన్లూ కూడా ఆగిపోతాయి. నీ టెంప్లేట్ అబ్రివియేషనే కాబట్టి అదీ ఆగిపోయింది.

పేస్ట్‌తో నాకు చేదు అనుభవం ఉంది. అప్పట్లో మా ల్యాబులో అందరూ ఒకే లినక్స్ సర్వరుకు పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రాముతో లాగిన్ అయ్యేవాళ్లు. సర్వరులో ఉన్నది విమ్ 7. ల్యాబు పరీక్ష రోజు కాశీనగర్ నుంచి వచ్చే ఒక అమ్మాయి, మేమిచ్చిన టెంప్లేట్‌ను నోట్‌ప్యాడ్‌లో కాపీ చేసి విమ్‌లో అతికించింది. అరవై లైన్లు. ముప్ఫయ్యో లైనుకే అక్షరాలు తెర కుడి అంచు దాటిపోయాయి. ఆ అమ్మాయి ఒక్కో లైను దగ్గరికి వెళ్లి ఖాళీలు చెరుపుతూ కూర్చుంది. నేను అటువైపు వెళ్లి చూసేసరికి నలభై నిమిషాలు గడిచాయి. ప్రోగ్రాము రాయడం బాగా వచ్చిన పిల్ల. ఖాళీలు చెరపడంలో పరీక్ష పోయింది. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. అప్పటి నుంచి ప్రతి సంవత్సరం మొదటి ల్యాబు తరగతిలోనే ఈ విషయం చెబుతున్నాను.

విమ్ 8 వచ్చాక ఆ బాధ చాలావరకు తగ్గింది. టెర్మినల్ ఇప్పుడు అతికించే పాఠానికి ముందు ఎస్కేప్, చదరపు బ్రాకెట్, 200, టిల్డే అనే గుర్తును, చివర అదే రకంగా 201 గుర్తును పంపుతుంది. ఆ రెండు గుర్తుల మధ్య వచ్చేది టైపింగ్ కాదని విమ్ గ్రహిస్తుంది. అందుకని కొత్త విమ్‌లో మౌసుతో అతికించడానికి పేస్ట్ అవసరం సాధారణంగా రాదు. ఎప్పుడైనా పెట్టినా, తెర అడుగున ఇన్సర్ట్ అన్న మాట పక్కన పేస్ట్ అని కనిపిస్తుంది. పని కాగానే నోపేస్ట్ పెట్టు. మరిచిపోతే, ట్యాబ్ నొక్కితే ఖాళీలు రావడం మానేశాయేమిటని మళ్లీ ఇంకో ప్రశ్న అడగాల్సి వస్తుంది.

ఇప్పుడు పరిష్కారం. ముందు ఒక సంగతి తేల్చుకోవాలి: ఖాళీలు పెట్టే పని టెంప్లేట్‌దా, ఎడిటర్‌దా? ఇద్దరూ పెడితే పైన చూసిన మెట్లే వస్తాయి. ఇద్దరిలో ఒకరికే ఆ పని అప్పజెప్పాలి. నా దగ్గరికి వచ్చిన ఇండెంట్ ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

సి భాషకైతే ఎడిటర్‌కు అప్పజెప్పు. బ్రాకెట్లను బట్టి ఏ లైను ఎక్కడ ఉండాలో విమ్ సొంతంగా లెక్క కట్టగలదు. ఫైల్‌టైప్ లైను పెట్టుకున్నాక, నీ ఐఅబ్రెవ్‌లో సీఆర్ తరువాత ఉన్న ఖాళీలన్నీ తీసేయ్. అన్ని లైన్లూ ఎడమ అంచుకు అంటుకుని ఉండాలి. విమ్ టైపు చేస్తూ పోతుంటే, తెరిచే బ్రాకెట్ తరువాతి లైను లోపలికి వెళుతుంది, మూసే బ్రాకెట్ పడగానే వెనక్కి వస్తుంది. ఇఫ్ లోపల ఇంకో లూపు పెట్టినా ఆ లోతుకు తగినట్టే వస్తుంది. చిన్న టెంప్లేట్లకు ఇంతకంటే శ్రమ అక్కరలేదు.

పది లైన్లు దాటిన టెంప్లేట్‌ను మాత్రం టైపు చేయించవద్దు, పాఠంగా తెచ్చిపెట్టు. ఇంటి ఫోల్డరులోని డాట్ విమ్ లోపల మూసలు అని ఒక ఫోల్డరు తెరువు. ఒక్కో టెంప్లేట్‌ను మామూలు ఫైలుగా, నీకు నచ్చిన ఇండెంట్‌తో, చక్కగా రాసి అందులో దాచుకో. విమ్‌లో రీడ్ ఆదేశం ఇచ్చి ఆ ఫైలు పేరు చెబితే, కర్సర్ ఉన్న లైను కింద అది యథాతథంగా వచ్చి కూర్చుంటుంది. రీడ్ అక్షరాలను టైపు చేయదు కాబట్టి ఏ ఇండెంటూ దాన్ని తాకదు.

ఇక్కడ రెండు సూక్ష్మాలున్నాయి. మొదటిది, ఉత్త రీడ్ బదులు కీప్‌ఆల్ట్ రీడ్ అని రాయి. లేకపోతే నువ్వు చదివిన టెంప్లేట్ ఫైలే విమ్ లెక్కలో ప్రత్యామ్నాయ ఫైలు అవుతుంది. తరువాత ఎప్పుడో కంట్రోల్‌తో క్యారెట్ గుర్తు నొక్కి పాత ఫైలుకు వెళ్లాననుకుంటావు, కానీ టెంప్లేట్ ఫైలు తెరుచుకుంటుంది. గమనించకుండా అందులోనే మార్పులు చేసి దాచేస్తావు. మా విద్యార్థి ఒకరికి సరిగ్గా ఇలాగే మూల టెంప్లేట్ పాడైంది. రెండోది, తెచ్చిన లైన్లు నువ్వున్న లోతుకు సర్దుకోవాలి కదా. రీడ్ అయ్యాక విమ్ ఆ పాఠం మొదటి లైనునూ చివరి లైనునూ గుర్తుపెట్టుకుంటుంది. సింగిల్ కోట్, ఎడమ చదరపు బ్రాకెట్ కొడితే మొదటి లైనుకు వెళతావు. అక్కడ ఈక్వల్ గుర్తు, వెంటనే సింగిల్ కోట్, కుడి చదరపు బ్రాకెట్ కొడితే, అక్కడి నుంచి చివరి లైను దాకా ఇండెంట్ మొత్తం సరిచేస్తుంది. మొత్తం ఫైలును సరిచేసే జీజీ, ఈక్వల్, పెద్ద జీ అనే మార్గం కూడా చెబుతుంటారు. అది ఇతరులు రాసిన లైన్లను కూడా కదిలిస్తుంది. నలుగురు కలిసి రాసే ఫైలులో ఆ పని చేయవద్దు.

పైథాన్ విషయంలో ఇది పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ ఈక్వల్ గుర్తు జోలికి పోవద్దు. సి భాషలో ఖాళీలు అందం కోసం, పైథాన్‌లో అవే అర్థం. ఒక లైను లూపు లోపలిదో బయటిదో చెప్పే బ్రాకెట్ లేదు. లూపు అయ్యాక రావాల్సిన ప్రింట్ నాలుగు ఖాళీలు కుడికి జరిగితే, ప్రోగ్రాము ఏ తప్పూ చూపకుండా ఆ ప్రింట్‌ను పదిసార్లు చేస్తుంది. ఖాళీల బాధ్యత అక్కడ టెంప్లేట్‌దే. ఎడిటర్ చేయాల్సింది మొత్తం దిమ్మెను కదలకుండా ఎత్తి, నువ్వున్న లోతుకు ఒకే కొలతలో జరపడం మాత్రమే.

ఆ పనికి విమ్‌లో మంచి ఏర్పాటే ఉంది. టెంప్లేట్ లైన్లను ఒక రిజిస్టరులో, అంటే ఒక అక్షరం పేరుతో విమ్ పాఠాన్ని ఉంచుకునే అరలో, పెట్టుకో. విమ్‌ఆర్‌సీలో సెట్‌రెగ్ ఫంక్షనుకు రిజిస్టరు పేరు, రీడ్‌ఫైల్‌తో చదివిన లైన్లు, చివర పెద్ద వీ అక్షరం ఇస్తే, అవి పూర్తి లైన్లుగా అందులో చేరతాయి. తరువాత నార్మల్ మోడ్‌లో (ఎస్కేప్ నొక్కాక ఉండేది) ఆ రిజిస్టరు పేరు చెప్పి, కుడి చదరపు బ్రాకెట్, పీ కొట్టు. మొదటి లైను నువ్వున్న లైనుకు సమంగా వచ్చి, మిగతావి దానితో పాటు అంతే జరుగుతాయి. లోపలి తేడాలు చెక్కుచెదరవు. మాక్రోలు (మళ్లీ నడిపించుకునే కీల వరుసలు) రికార్డు చేసే అక్షరాన్ని మాత్రం ఈ రిజిస్టరుకు వాడవద్దు. ఒక్క రికార్డింగుతో టెంప్లేట్ చెరిగిపోతుంది.

ఇన్సర్ట్ మోడ్ వదలకుండా తేవాలంటే కంట్రోల్ ఆర్ ఉంది. ఉత్త కంట్రోల్ ఆర్ తరువాత రిజిస్టరు పేరు కొడితే, అది కూడా టైపు చేసినట్టే వస్తుంది, మళ్లీ మెట్లే. కంట్రోల్ ఆర్, కంట్రోల్ ఓ, ఆ తరువాత పేరు కొడితే, ఉన్నదున్నట్టు వస్తుంది. కంట్రోల్ ఓ బదులు కంట్రోల్ పీ కొడితే, వచ్చి నీ లోతుకు సర్దుకుంటుంది కూడా. పూర్తి లైన్ల రిజిస్టరైతే పాఠం కర్సర్ ఉన్న లైనుకు పైన పడుతుంది, కంగారు పడవద్దు.

నీ ఫైలు మొదట పెట్టే పేరు, తేదీ, ప్రయోగం సంఖ్య ఉన్న కామెంట్ దిమ్మె గురించి కూడా అడిగావు. ప్రతి లైనుకూ ఒక నక్షత్రం అదనంగా వస్తోందన్నావు. అది ఇండెంట్ పని కాదు, ఫార్మాట్‌ఆప్షన్స్ అనే అమరికలోని ఆర్ అక్షరం పని. కామెంట్‌లో ఎంటర్ నొక్కితే తరువాతి లైనుకు నక్షత్రం పెట్టేది అది. ఓ అక్షరం, ఓ కీతో కొత్త లైను తెరిచినప్పుడు అదే పని చేస్తుంది. వీటిని విమ్‌ఆర్‌సీలో తీసేసినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే సి ఫైలు తెరవగానే విమ్ సొంత సి ప్లగిన్ వాటిని తిరిగి పెడుతుంది. డాట్ విమ్ లోపల ఆఫ్టర్, దాని లోపల ఎఫ్‌టీప్లగిన్ ఫోల్డర్లు పెట్టి, సి డాట్ విమ్ అనే ఫైలులో సెట్‌లోకల్‌తో తీసేయ్. ఆర్, ఓ రెండింటినీ విడివిడిగా తీయి. కలిపి రాస్తే, ఆ రెండక్షరాలు అదే వరుసలో పక్కపక్కన ఉంటేనే తీస్తుంది. అయితే ఆ దిమ్మె కొత్త ఫైలు మొదట్లోనే కావాలి కాబట్టి, ఇంకా తేలిక దారి ఉంది. కొత్త ఫైలు తెరవగానే తనంతట తానే నడిచే బఫ్‌న్యూఫైల్ ఆటోకమాండులో సున్నా రీడ్ అని రాసి టెంప్లేట్ ఫైలు పేరు ఇవ్వు. కొత్త సి ఫైలు తెరిచిన ప్రతిసారీ దిమ్మె పైనే సిద్ధంగా ఉంటుంది, ఒక్క నక్షత్రం కూడా అదనంగా రాదు.

ట్యాబ్‌ల గురించి నువ్వు అడగలేదు, కానీ రీడ్ వాడటం మొదలుపెట్టగానే ఆ ముడి పడుతుంది. మన నౌపడ, గుణుపూర్ పాత చిన్న రైలు లైనును నువ్వు చూసి ఉండవు. 1900లో పర్లాకిమిడి దాకా వేసిన ఆ పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. నౌపడలో పెద్ద లైను ఐదున్నర అడుగులు. బండి దానిమీద నడవదు కాబట్టి, నౌపడలో మనుషులు దిగి బండి మారాలి, సరుకు దింపి మళ్లీ ఎక్కించాలి. 2011లో బ్రాడ్ గేజ్ అయ్యాకే ఆ అవస్థ తీరింది. ట్యాబ్‌తో రాసిన టెంప్లేట్ ఖాళీలతో రాసిన ఫైలులోకి వచ్చినప్పుడు సరిగ్గా ఇదే ఇబ్బంది. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి కానీ గేజు వేరు. ఎక్స్‌పాండ్‌ట్యాబ్ ఉంది కదా అనుకోవద్దు. అది నువ్వు నొక్కే ట్యాబ్‌నే మారుస్తుంది, రీడ్ తెచ్చిన ట్యాబ్‌ను ముట్టుకోదు. పైథాన్ 3 అయితే, ట్యాబ్‌లూ ఖాళీలూ పొంతన లేకుండా కలిసిన చోట ట్యాబ్‌ఎర్రర్ అని ఆగిపోతుంది. సెట్ లిస్ట్ కొడితే ట్యాబ్‌లు తెర మీద బయటపడతాయి. రీట్యాబ్ కొడితే నీ ఫైలు గేజుకు మారతాయి. ప్రోగ్రాములను కట్టే మేక్ అనే సాధనం చదివే మేక్‌ఫైల్‌లో మాత్రం రీట్యాబ్ కొట్టవద్దు. అక్కడ ఆదేశం లైను ట్యాబ్‌తోనే మొదలవ్వాలి. ఖాళీలు పెడితే మేక్ మిస్సింగ్ సెపరేటర్ అని మొరాయిస్తుంది.

నీ స్నేహితుడు వీఎస్ కోడ్ అనే ఇంకో ఎడిటర్ వాడతాడన్నావు. అందులో స్నిప్పెట్ (టెంప్లేట్‌కు అక్కడి పేరు) టైపింగులా రాదు, పాఠంగానే వస్తుంది. నువ్వున్న లైను ఇండెంట్‌ను తానే కలుపుకుంటుంది. స్నిప్పెట్ రాసేటప్పుడు లోపలి లైన్లకు ఖాళీలు కాక ట్యాబ్ గుర్తు పెట్టమను, ఆ ఫైలు అమరికకు తగినట్టు మారుతుంది. అతికించినప్పుడు కదులుతుంటే ఫార్మాట్ ఆన్ పేస్ట్ చూడమను, ఎంటర్‌కు కదులుతుంటే ఆటోఇండెంట్ అమరికను కీప్‌కు తెమ్మను. ఈమాక్స్ అనే ఎడిటర్‌లో యాస్నిప్పెట్ అనే స్నిప్పెట్ల ప్యాకేజీ వాడేవాళ్లు యాస్ ఇండెంట్ లైన్ విలువను ఫిక్స్‌డ్ చేసుకుంటే సరిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా ఏదైనా లైను కదిలితే, ఏ అక్షరం పడగానే కదిలిందో చూడు. సి ఫైలులో లైను మొదట హాష్ పడగానే అది ఎడమ అంచుకు పరుగెత్తితే, అది ఏ అక్షరాలు పడితే లైను సర్దాలో చెప్పే సిన్‌కీస్ అమరిక పని. పైథాన్‌లో కోలన్ పడగానే కదిలితే అలాంటిదే అయిన ఇండెంట్‌కీస్ పని. ఆ తరువాత వెర్బోస్ సెట్ అని కొట్టి ఆటోఇండెంట్, స్మార్ట్ఇండెంట్, సిండెంట్, ఇండెంట్‌ఎక్స్‌పీఆర్ పేర్లను ప్రశ్న గుర్తులతో ఇవ్వు. ఒక్కోటి ఎలా ఉందో, ఏ ఫైలు దాన్ని చివరిసారి మార్చిందో విమ్ చెబుతుంది. ఆ నాలుగు జవాబులూ, నీ ఐఅబ్రెవ్ లైనూ ఇక్కడ పెట్టు. శనివారం మధ్యాహ్నం ల్యాబు అయ్యాక చూస్తాను.